పుస్తకంలో పోయినాయనకు నూనె వాసన

శుక్రవారంలోగా చెయ్యాల్సినవి: పొయ్యి గొట్టం దులపడం, పగిలిన కిటికీకి అట్ట కొట్టడం, పక్కింటి నుంచి కుర్చీలు అడగడం, కథ ఒకటి ఎంచడం, దాన్ని వినడానికి పదిమందిని పోగు చెయ్యడం.

మొదటి నాలుగూ అయ్యాయి. చివరిదే కాలేదు. పదిమంది లేకపోతే మా కొండల ఊరు నారిన్ గ్రంథాలయంలో చదువుల గదిని బిలియర్డ్స్ బల్లకు ఇచ్చేస్తామని జిల్లా ఆఫీసువాళ్ళు ముందే చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. గొర్రెలు కాసే మా నాన్న "మా అమ్మాయి పుస్తకాలు కాస్తుంది" అని అందరికీ చెప్పుకుంటాడు. మంద పోగొట్టుకుని ఆయన ముందు నిలబడలేను.

నేను ఎంచిన కథలో చనిపోయిన ఒకాయన రోజూ సాయంత్రం ఒక ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర మాట్లాడకుండా కూర్చుంటాడు. ఎందుకో చివరిదాకా చెప్పరు. అలా చెప్పకుండా వదిలేసిన కథలంటే నాకిష్టం. గురువారం చదివి చూపిస్తానంటే ఇద్దరే వచ్చారు.

"ఇంతకీ ఎవరు చంపారు?" అన్నాడు లారీ తోలి రిటైరైన అసిల్‌కాన్ బైకే. బైకే అంటే మా దగ్గర అన్న.

"ఎవరూ చంపలేదు బైకే."

"మరెందుకు తిరుగుతున్నాడు?"

"కథలో చెప్పలేదు."

"ఇంతసేపు కూర్చోబెట్టి చెప్పలేదా? నా పాత లారీ నయం, ఆగిపోతే ఎందుకాగిందో తెలిసేది."

వచ్చిన రెండో మనిషి, మాకు పెద్దమ్మలాంటి సాయ్‌రకాన్ అపా, అల్లిక మీంచి తల ఎత్తలేదు. నిద్ర చెడగొట్టేదే కథ అంటుందావిడ. నిద్రపుచ్చే కథలు పోయిన మొగుడు చెప్పినవి చాలట.

"తెలుస్తూనే ఉందిగా, ఆకలి. రోజూ వచ్చి బల్ల దగ్గరే కూర్చుంటుంటే ఆ ఇంటివాళ్ళు ఒక్కనాడైనా నూనె కాచారా?"

"అపా, అది కథ."

"కల మాత్రం ఏంటే? పోయినవాళ్ళు కలలో కనబడితే పిండి వేయించి వాసన చూపిస్తామా లేదా? నిన్న నువ్వు చదివావు, రాత్రి నాకు కనబడ్డాడు. పాపం, బాగా చిక్కిపోయాడు."

"చదివింది ఇవాళే కదా అపా."

"అయితే ఇవాళ కనబడతాడు."

శుక్రవారం జిల్లా ఆఫీసు నుంచి తలలు లెక్కపెట్టడానికి కాలియా ఎజే, అంటే కాలియా అక్క, వచ్చేసరికి గదిలో బైకే ఒక్కడే ఉన్నాడు. అపా గ్రంథాలయం పెరట్లో కళాయి పెట్టి బోర్సోక్‌లు, అంటే పిండి ముక్కలు, నూనెలో వేయిస్తోంది. ఆ వాసన వీధి చివరిదాకా పోయింది. ఇక ఒక్కొక్కరే తలుపు తీసుకుని రావడం మొదలుపెట్టారు.

"ఎవరు పోయారు?"

"పుస్తకంలో ఒకాయన," అన్నాడు బైకే గంభీరంగా.

"అయ్యో. ఏ ఊరు?"

వాసన పట్టుకుని వచ్చినవాళ్ళు పోయినవాళ్ళ కోసం దువా చెయ్యకుండా, ఒక ముక్కైనా తినకుండా వెళ్ళరు. దువాకు పేరు కావాలి. పేరేమో రచయిత పెట్టలేదు.

"ఎలాంటివాడో తెలిస్తే పేరు లేకపోయినా సరిపెట్టుకుంటాం. చదువమ్మా," అంది అపా.

చదివాను. గది నిండిపోయి గుమ్మంలో కూడా నిలబడ్డారు. ఇది అప్పిచ్చినవాడి కథ అని ఒకరు, కాదు, తిండి పెట్టని కోడలి కథ అని ఒకరు తగువు పడ్డారు. "కారణం చెప్పడు, ముందే చెబుతున్నా," అని బైకే మధ్యమధ్యలో హెచ్చరించాడు. చివర్న అందరం దువా చేసి చేతులు ముఖానికి తాకించుకున్నాం.

"నాకు పెళ్ళితో అయిపోయే కథలే ఇష్టం," అంది కాలియా ఎజే మూడో బోర్సోక్ తీసుకుంటూ. "బిలియర్డ్స్ బల్ల ఇంకెక్కడైనా పెట్టుకుంటారులే. అది సరే, వాళ్ళు ఆయన్ని ఒక్కసారైనా తినమన్నారా?"

"అనలేదు ఎజే."

ఆమె నాలుగోది తీసి, తినకుండా బల్ల అంచున పెట్టి వెళ్ళింది.

మా గది మాకు మిగిలింది. ఆయనకు ఇప్పటికీ పేరు లేదు. మీ ఇంట్లో ఎప్పుడైనా నూనె కాగుతుంటే ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.