జల్లెడలో బిడ్డ

పురిటి ఏడో రోజు పండుగకి కైరోలో, షుబ్రా పేటలోని ఆ ఇల్లు చుట్టాలతో కిటకిటలాడింది. బిడ్డను జల్లెడలో పడుకోబెట్టి నేలమీద పెడతారు. తల్లి వాణ్ణి ఏడుసార్లు దాటాలి. పక్కన ఒక పెద్దావిడ ఇత్తడి రోలు మోగిస్తూ "అమ్మ మాట విను" అని వాడి చెవిలో హోరెత్తిస్తుంది. అందరికీ అదో సరదా. షహీరా మాత్రం ఆ జల్లెడను చూసి ముఖం తిప్పుకుంది.

దాటుతూ పాదం వాడి మీదే వేసేస్తానేమోనని ఆమె భయం. కన్నప్పటినుంచీ అదే కళ్లముందు ఆడుతోంది. ఆమె పళ్ల డాక్టరు. అందరి నొప్పులకీ పేరు పెట్టగలదు, తన నొప్పి పేరు చెప్పడానికి సిగ్గు.

"అత్తయ్యా, వాణ్ణి కింద పెట్టొద్దు. నేను తొక్కేస్తాను."

అత్త ఇన్షిరాహ్ పకపకా నవ్వింది. "తొక్కేస్తుందట! పళ్లు ఊడబెరికే దానివి, బిడ్డను దాటడానికి భయమా?"

నవ్వుతూనే ఆగిపోయింది. కోడలికి పాలు పడకపోవడం, తిండి సహించకపోవడం, రోజంతా గోడకేసి చూస్తూ కూర్చోవడం, అన్నీ ఆవిడ బుర్రలో ఒక్కచోటికి చేరాయి.

"వంకాయలు! మొన్న ఆ వాచ్‌మన్ పెళ్లాం వంకాయల సంచీతో బాలింత గదిలోకి వచ్చింది. ఇంకేముంది, బాలింత కంట వంకాయ పడితే పాలు ఎండవా, దోషం తగిలింది!"

షహీరా మొగుడు వగ్దీ ఇంజనీరు, ఆడపడుచు బ్యాంకు మేనేజరు. ఇద్దరూ తలలూపారు. వంకాయను నమ్మడానికి ఎవరికీ రుజువు అక్కర్లేకపోయింది, ఆ కోడలు పిల్ల నోరు తెరిచి చెప్పిన మాట మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒళ్లు మండదా మరి!

దోషం పోవాలంటే, దాన్ని తెచ్చిన మనిషే మళ్లీ అదే గడప దాటి లోపలికి రావాలట. మెట్ల కింది గదిలోంచి ఆ వాచ్‌మన్ పెళ్లాం వహీబాను లాక్కొచ్చి, చేతికి వంకాయలిచ్చి షహీరా గదిలోకి తోశారు.

ఆమె మంచం పక్కన కూలబడి, షహీరా ముఖంలోకి చూసి గొంతు తగ్గించింది.

"డాక్టరమ్మా, మా రెండోవాడు పుట్టినప్పుడు నేనూ ఇంతే. వాణ్ణి పొయ్యి పక్కన పెట్టి ఊరికే చూస్తా కూర్చున్నా. మా అత్త నన్ను కొట్టి వాణ్ణి ఎత్తుకుపోయింది. ఇప్పటికీ ఊళ్లో ఆవిడ దగ్గరే ఉన్నాడు."

"తర్వాత తగ్గిందా?"

"ఏమో అమ్మా. నాకింకా తగ్గలా."

షహీరా ఆమె మణికట్టు పట్టుకుంది. "వాణ్ణి నా దగ్గర ఉంచకు వహీబా. తీసుకుపో. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఈలోగా రోలు మోగింది. ఆడవాళ్లు షహీరాను రెక్కలు పట్టి లేపారు. ఒకసారి దాటింది. రెండోసారి పాదం జల్లెడ అంచు మీద పడింది. జల్లెడ ఒరిగి బిడ్డ కెవ్వుమన్నాడు. వాళ్లకది ఇంకా వేడుక, నాలుకలాడిస్తూ "లులులు" అని కేరింతలు కొట్టారు. షహీరా పాదం మళ్లీ లేచింది. వహీబా ఒక్క ఉదుటున వంగి, బిడ్డను తీసుకుని మెట్లు దిగి పరుగెత్తింది.

"దొంగముండ! పిల్లాణ్ణి ఎత్తుకుపోతోంది!"

వగ్దీ కింది మెట్ల దగ్గర ఆమెను అందుకుని, బిడ్డను లాక్కుని చెంప పగలగొట్టాడు.

"నేనే ఇచ్చాను! నేనే తీసుకుపొమ్మన్నాను!" అని షహీరా పైనుంచి గొంతు చించుకుంది.

"చూశారా, దోషం దానిచేత ఏం మాట్లాడిస్తోందో," అని ఇన్షిరాహ్ ఏడ్చింది. ఆ ఏడుపులో నటన లేదు. కోడలంటే ఆవిడకి ప్రాణం.

నోట్లో నెత్తురుతోనే వహీబా చేతులు జోడించింది. "అయ్యా, ఆమెకివ్వకండి. ఇవాళ్టికి ఇవ్వకండి."

"కళ్లలో నిప్పులు పోసుకుంటోంది!" అన్నారు అందరూ. సాయంత్రానికల్లా మొగుడితో, మూటలతో ఆమెను వీధిలోకి గెంటారు.

ఇన్షిరాహ్ బిడ్డను తెచ్చి షహీరా పక్కన పడుకోబెట్టి, కోడలి నుదురు ముద్దుపెట్టుకుంది.

"పీడ వదిలింది తల్లీ. ఇంక మీ ఇద్దరి జోలికీ ఎవర్నీ రానివ్వను."

బయట గడియ పడింది. బిడ్డ పాల కోసం గుక్కపట్టాడు. షహీరా రెండు చేతులనూ తొడల కింద పెట్టి, బరువంతా వాటి మీద వేసి కూర్చుంది.

"అత్తయ్యా, తలుపు తియ్యండి! అత్తయ్యా!"

"పడుకో అమ్మా," అంది ఇన్షిరాహ్ అవతలినుంచి, ఎంతో ప్రేమగా. "పడుకుంటే అదే సర్దుకుంటుంది."