పటం వెనక పిస్తా రంగు

సెయింట్ నికోలా పండగ దగ్గర పడిందంటే మా చాచక్ ఊళ్లో నా రంగుల కొట్టు కిటకిటలాడుతుంది. ఆయన్ని కొలిచే ప్రతి ఇంటికీ ఆ రోజు పిలవకుండానే చుట్టాలొచ్చి వాలతారు, ముందు గోడలు చూస్తారు.

పండగ నాలుగు రోజులుందనగా డెసాంకా కోడలితో వచ్చింది. ఈ ఏడు పండగ మొదటిసారి కోడలు మిల్యానా చేతి మీదుగా జరగాలి. ఆమెకు గోడలకు లేత ఆకుపచ్చ పిస్తా రంగు కావాలి, అత్తకు ఎప్పటిలాగే మీగడ రంగు.

"పిస్తా వేస్తే ఆసుపత్రి అనుకుని చుట్టాలు కమలాపళ్లు పట్టుకొస్తారే!" అంది డెసాంకా.

"తేనివ్వండి అత్తయ్యా, తింటాం. పండగ నాదన్నారు, గోడ మాత్రం మీదేనా?"

నాకు రెండూ ఒకటే ధర. కానీ కలిపిన రంగు వాపసు తీసుకోను. ఓడినవాళ్లు పండగయ్యాక నా కొట్టుకొచ్చి గొడవ పెట్టుకుంటారు. దానికంటే ఇప్పుడే ఓ అరగంట పోగొట్టుకోవడం చవక. రెండు రంగులూ చెరో గ్లాసెడు పట్టుకుని వాళ్లింటికి నడిచాను.

చుట్టాల కళ్లు పడేది తూర్పు గోడ మీద, సెయింట్ నికోలా పటం ఉన్నచోట.

"బంగారు చట్రం పక్కన ఏ రంగైనా మోసం చేస్తుంది. పటం దింపమ్మా," అన్నాను.

"దాన్ని ముట్టుకోకండి!" డెసాంకా గట్టిగా అంది. "పెయింటర్లు ఎప్పుడూ చుట్టూనే వేస్తారు."

అప్పటికే మిల్యానా శిలువ గుర్తు వేసుకుని పటం దింపేసింది. వెనక గోడ మీద పలకంత మేర పిస్తా రంగు, నిన్న వేసినట్టుంది.

డెసాంకా కుర్చీలో కూలబడింది. "కాపురానికొచ్చిన ఏడు నేనే వేయించా. నెల తిరక్కుండా మా అత్త మీగడ కొట్టించింది. పటం కదపొద్దని పెయింటర్లకు చెప్పింది నేనే. నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నా."

మిల్యానా పటాన్ని పొదువుకుని నిలబడింది. గెలిచిన ముఖం పెట్టలేదు. తెలివైన పిల్ల.

"అయితే అత్తయ్యా..."

"అయితే లేదు, గియితే లేదు." డెసాంకా నా వైపు తిరిగింది. "రాడోయే, పిస్తానే కలుపు. చుట్టాలడిగితే రంగు ఎంచింది నేనేనని చెబుతా, నువ్వు అడ్డు రాకు పిల్లా."

"నేనెందుకొస్తాను? నాకంటే ముందే ఎంచారుగా!"

"అలా రా దారికి. వంటింటికి కూడా కలుపు, రాడోయే."

వంటింటి సంగతి ఎవరూ అడగలేదు. నేను టేపు తీసి ఆ గోడలూ కొలిచాను.