మిషనక్క భోజనవేళ

ఆ వీధిలో అందరూ ఆమెను మిషనక్క అనేవారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, లోపలిగదిలో మంచం మీద తల్లి. ఏళ్ల తరబడి ఆమె రోజును నడిపినవి లోపలినుంచి వచ్చే పిలుపులే. మందు వేయాలి, పక్కకు తిప్పాలి, దిండు సర్దాలి. ఏ పనీ లేకపోయినా ముసలావిడ "ఏమే, ఉన్నావా?" అని కేకేసేది. "ఎక్కడికి పోతానమ్మా" అంటూనే మిషనక్క లేచేది. ఒక పిలుపుకీ ఇంకో పిలుపుకీ మధ్య దొరికిన సందులోనే జాకెట్లకు చేతులు అతికేది, గుండీలు కుట్టేది. అయినా చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వకపోవడమన్నది ఎరగదు.

ఎండాకాలం చివర్లో తల్లి నిద్రలోనే పోయింది. అన్నీ అయ్యాక తమ్ముడు ఊరికి బయల్దేరుతూ, "ఇన్నాళ్లూ నీకంటూ ఒక పూట లేకుండా పోయిందక్కా. ఇకనుంచి రోజంతా నీదే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

రోజంతా తనదే అయ్యేసరికి దాన్నేం చేసుకోవాలో ఆమెకు పాలుపోలేదు. మొదట్లో పెద్ద ఏర్పాట్లే చేసుకుంది. తెల్లారకముందే లేచి నడకకు వెళ్లాలి, మధ్యాహ్నానికల్లా కుట్టుపని ముగించాలి, సాయంత్రం పుస్తకాలు చదవాలి. నడక కోసం బూట్లు కూడా కొనుక్కుంది. మొదటి రోజు అన్నీ పొల్లుపోకుండా చేసింది. మర్నాడు సగం చేసింది. వారం తిరక్కుండానే బూట్లు మంచం కిందకు చేరాయి. పొద్దున ఒక్కటి తప్పితే చాలు, ఇవాళ ఇక పోయినట్టే అనుకుని మిగతావీ వదిలేసేది. రేపట్నుంచి చూద్దాంలే అనుకునేది.

ఆ రేపు రాలేదు. బట్టలు మాత్రం కుప్ప పడ్డాయి. కుట్టు సగంలో ఉండగా చేతులు ఆగిపోయేవి, చెవులు లోపలిగది వైపు పోయేవి. సాయంత్రాలు మరీ కష్టంగా ఉండేవి. తల్లికి తినిపించే వేళ కాగానే కాళ్లు వాటంతటవే వంటగదిలోకి నడిచేవి. అక్కడ కాసేపు నిలబడి, ఎందుకొచ్చిందో గుర్తొచ్చి, వెనక్కి వచ్చేది. తను తినేది మాత్రం ఆకలి వేసినప్పుడు గిన్నెలో ఏదుంటే అదే, పొయ్యి దగ్గర నిలబడే.

వీధి చివర ఒంటరిగా ఉండే టీచరమ్మ చలికోటు కోసం మందపు గుడ్డ ఇచ్చి చాలా రోజులైంది. వచ్చినప్పుడల్లా మిషనక్క ఇంకో వారం అంటూ వచ్చింది. చివరిసారి ఆవిడ వచ్చేసరికి గుడ్డ ఇంకా కత్తెర తగలకుండానే ఉంది. టీచరమ్మ దాన్ని తనే మడతపెట్టుకుంది.

"చలి మొదలైపోయిందమ్మా. ఇంకోచోట ఇచ్చుకుంటాలే" అంది.

ఆవిడ ముఖంలో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది మిషనక్కకు. గుమ్మందాకా సాగనంపడానికైనా లేవలేకపోయింది.

ఆ సాయంత్రం కూడా కాళ్లు వంటగదిలోకే నడిచాయి. ఈసారి ఆమె వెనక్కి రాలేదు. పొయ్యి వెలిగించి తన ఒక్కదానికే సరిపడా వండుకుంది. బల్ల మీది గుడ్డలన్నీ పక్కకు నెట్టి, కంచం పెట్టుకుని కూర్చుంది. అలా కూర్చుని తిని ఎన్నేళ్లయిందో గుర్తురాలేదు. తింటుండగానే ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని కంచం ఖాళీ చేసింది.

మర్నాడూ అంతే చేసింది. నడక, చదువు అన్న ఊసే ఎత్తలేదు. ఆ వేళకు మిషను ఆపి కూర్చుని తినడం, అంతవరకే పెట్టుకుంది. సాయంత్రం లేవాల్సిన వేళ ఒకటుందని తెలిసేసరికి, ఈలోగా ఈ కాలరు అయిపోగొడదాం అనిపించేది. కొన్ని రోజులు అదీ కుదిరేది కాదు, మంచం మీదే పొద్దుపోయేది. తనను తాను తిట్టుకోకుండా, మర్నాడు మళ్లీ కంచం ముందు కూర్చునేది. మెల్లగా కుప్ప తగ్గింది.

చలి ముదిరాక ఒకనాడు కొట్టు దగ్గర టీచరమ్మ కొత్త కోటులో కనిపించింది. ఒక భుజం పైకి లాగేసి ఉంది. మిషనక్క ఉండబట్టలేక, "ఆ భుజం సరిగ్గా కూర్చోలేదు టీచరుగారూ. ఇస్తే సరిచేసి పెడతాను" అంది.

"పర్లేదమ్మా, వెచ్చగానే ఉంది" అని ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. మిషనక్క ఆ కోటు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం భోజనం మధ్యలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఏం చేస్తున్నావక్కా?"

"భోంచేస్తున్నానురా."

"ఇంత పెందలాడేనా? సరే గానీ, మొన్న ఏమైందంటే..."

"తిన్నాక నేనే చేస్తాలేరా."

"ఎవరన్నా వచ్చారా ఏంటి?" అన్నాడు.

"ఎవరూ లేరు. నేనే" అంది.

ఫోన్ పక్కన పెట్టి కంచం దగ్గరకు లాక్కుంది. బయట వీధిదీపాలు వెలుగుతున్నాయి. చల్లారకముందే తినాలని ముద్ద కలుపుకుంది.