ఐదు గీతల తేడా

నేను ఒక కాటాను. పసిపిల్లలను తూచడం నా పని. పైన పడవలాంటి పళ్లెం, ముందు గుండ్రటి ముఖం, దాని మీద ఎర్ర ముల్లు, ఒక్కో గీతకు యాభై గ్రాములు. నాకు వచ్చిన భాష అంతే.

నన్ను కోయంబత్తూరులో ఒక రేకుల షెడ్డులో చేశారు. స్ప్రింగు బిగించిన మనిషి కిలో గుండు పెట్టి చూసి, తలాడించి, పక్కకు తోసేశాడు. అంతకు మించిన మెప్పు నాకు మళ్లీ దొరకలేదు. కాకినాడలో ఒక పిల్లల డాక్టరు దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆయన ప్రాక్టీసు మానేస్తూ నన్ను స్టెల్లా మేడమ్‌కు ఇచ్చేశారు. బస్సు డిపో వెనక వీధిలో ఆవిడ పిల్లల సంరక్షణ కేంద్రం నడుపుతుంది. అక్కడ ఏడాది నిండని పిల్లల గదిలో కిటికీ పక్కన నాకో బల్ల దొరికింది.

ఆ గదిలో నెలాఖరు శనివారం పెద్ద పండగ. ఆయా దమయంతి ఒక్కొక్కరినీ నా పళ్లెంలో పడుకోబెడుతుంది. మేడమ్ ప్రతి బిడ్డకూ ‘నెల కబురు’ అని ఒక కార్డు రాసి, ఫొటో తీసి ఇంటికి పంపుతుంది. బరువెంత, పళ్లెన్ని, కొత్తగా వచ్చిన విద్య ఏమిటి. ‘పక్కవాడి సాక్సు లాగుతున్నాడు’ అనేది కూడా విద్యే. తల్లులు ఆ విద్య దగ్గర నవ్వుకుంటారు. నాయనమ్మలు బరువు దగ్గర ఆగిపోతారు.

జీవన్ అనే ఏడు నెలల వాడి నాయనమ్మ నూకాలమ్మ అలాంటి మనిషే. వాడి తల్లి హైమావతి బస్సు కండక్టరు. సెలవు అయిపోయి ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. పిల్లాడిని ఆయాల చేతుల్లో పెట్టడం నూకాలమ్మకు ఇష్టం లేదు. తనకేమో మోకాళ్ల నొప్పులు, ఎత్తుకోలేదు. చివరికి ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది. పిల్లాడు ఏ నెల తగ్గితే ఆ నెలే కోడలు ఉద్యోగం మానెయ్యాలి.

మొదటి నెల ముల్లు ఆరు కిలోల తొమ్మిది వందల మీద ఆగింది. అప్పుడు వాడి కాళ్లకు కడియాలు, చేతులకు మురుగులు, నడుముకు మువ్వల మొలతాడు. పాతిక తులాల వెండి చేయించానని నూకాలమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది. రెండో నెల మధ్యలో ఆ మొలతాడు మువ్వ ఒకటి ఊడి, పక్క పిల్ల నోటి దాకా వెళ్లింది. దమయంతి వేలు పెట్టి లాగేసింది. ఆ రోజే మేడమ్ ఎవరి ఒంటి మీదా వెండి ఉండకూడదని చెప్పి, అంతా విప్పించి ఇంటికి పంపింది.

నెలాఖరుకు ముల్లు ఆరు కిలోల ఎనిమిది వందల యాభై దగ్గర ఆగింది. నేను అబద్ధం చెప్పలేదు. రెండుసార్లూ నిజమే చెప్పాను. కానీ గ్రాములు రాసే చేతికీ తులాలు చెప్పే నోటికీ మధ్య పరిచయం లేదు. మేడమ్ దిగులుగా ‘యాభై గ్రాములు తగ్గాడు’ అని రాసి పంపింది.

సోమవారం పొద్దున్నే అత్తా కోడలూ పిల్లాడితో సహా వచ్చారు. జీవన్ బట్టల సంచీ తీసుకుని వెళ్లిపోతామన్నారు. హైమావతి ఖాకీ చొక్కా వేసుకునే వచ్చింది, బ్యాగులో మాత్రం రాజీనామా కాగితం ఉంది. డిపోలో ఇచ్చేసి వస్తానని దమయంతితో చెప్పి, మొహం తిప్పుకుంది.

నూకాలమ్మ నా బల్ల పక్కనే స్టూలు మీద కూర్చుని కొంగు ముడి విప్పింది. ఇక ఇంట్లోనే ఉంటాడు కదా, మనవడికి మళ్లీ అన్నీ తొడగాలి. వాడు కాళ్లు తన్నుకుంటూ ఒక్క కడియం కూడా ఎక్కనివ్వలేదు. చేతులు ఖాళీ చేసుకుందామని ఆవిడ వెండి మొత్తం నా పళ్లెంలో పడేసింది.

ముల్లు ఐదు గీతలు జరిగింది. ఎవరూ చూడలేదు. అందరూ పిల్లాడినే చూస్తున్నారు. నాకు గొంతు లేదని జీవితంలో ఆ ఒక్కసారే బాధపడ్డాను.

శనివారం రాని పిల్ల ఒకతె మిగిలిపోయింది. దాన్ని తూచడానికి దమయంతి వచ్చింది. బిడ్డను పెట్టే ముందు ముల్లు సున్నా మీద ఉందో లేదో చూడటం ఆవిడకు అలవాటు. చూసింది. వంగి మళ్లీ చూసింది.

“పెద్దమ్మగారూ, పోయిన నెల ఇయ్యన్నీ బాబు ఒంటి మీదే ఉన్నాయి కదండీ?”

“ఉండక? పాతిక తులాలు.”

“ఈ నెల లేవు కదండీ. ఇదిగో, రెండొందల యాభై గ్రాములు చూపిత్తంది. తగ్గింది మీ ఎండి సామానండీ. మీ బుల్లోడు కాదు.”

నూకాలమ్మ వేళ్ల మీద లెక్క వేసింది. మేడమ్ కాగితం మీద వేసింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది, పిల్లాడు రెండు వందల గ్రాములు పెరిగాడు. హైమావతి మాత్రం ఏ లెక్కా వెయ్యలేదు. బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుని అత్తగారి మొహమే చూస్తూ నిలబడింది.

నూకాలమ్మ వెండి మూటగట్టి బొడ్లో దోపుకుంది. సంచీ తీసి దమయంతి చేతికిచ్చింది. క్షమాపణ చెప్పుకునే అలవాటు ఆ ఇంటికి లేదనుకుంటాను.

“ఏటే హైమా, ఇంకా ఇక్కడే నిలబడ్డావు? తుని బస్సు నీ కోసం ఆగుద్దా?”

హైమావతి మెట్లు దిగిన చప్పుడు నా బల్ల దాకా వినిపించింది, రెండేసి మెట్లు దూకుతూ వెళ్లింది మరి.

తరువాత నా స్ప్రింగు వదులైంది. అంకెలు వెలిగే కొత్త యంత్రం వచ్చి, నేను ఇనప బీరువా పైకి ఎక్కాను. ఇప్పటికీ నెలాఖరు శనివారం దమయంతి గొంతు పైకి వినిపిస్తుంది. “ముందు బాబు ఒంటి మీద ఎండి సామానేవన్నా ఉంటే తీసెయ్యండమ్మా.”

ఆ మాట ఎందుకు పుట్టిందో కొత్త యంత్రానికి తెలియదు. తెలియకుండానే నిజం చెబుతుంది.