వన్ మోర్ లేని చోట

పొద్దున ఆరింటికే కృష్ణానగర్ ఇంట్లో కరుణాకుమారి ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. ఇరవై రెండేళ్లు హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పిన గొంతు అది. మొన్నటి ఎన్నికల్లో ఆమెను ఎమ్మెల్యేని చేసిందీ ఆ గొంతే. ఈరోజు మొదటిసారి అసెంబ్లీలో మాట్లాడాలి. సమావేశాలకు ఇదే ఆఖరి రోజు. ఇచ్చేది రెండు నిమిషాలు.

"ఇంకోసారి చెప్పు, టైమ్ చూస్తా," అన్నాడు సౌండ్ ఇంజనీరైన భర్త బెన్‌హర్.

"పదకొండుసార్లు చెప్పానండీ! ఇడ్లీ పెడతారా, పెట్టరా?"

గుమ్మంలో ఆటో నర్సింహ. రహమత్ నగర్ మనిషి, ప్రచారమంతా తన ఆటోలోనే తిప్పాడు. పక్కన కూతురు చిన్ని, పదో తరగతి మార్కుల కాగితంతో.

"అక్కా, మన బస్తీల కాలేజీ లేని ముచ్చట ఇయ్యాల అడగకపోతే ఈ ఏడు పోయినట్టే. రెండు బస్సులు మారి పోవాలంటే మా ఇంటామె పంపనంటున్నది. పిల్లను ఇంట్లనే కూసోపెడ్తదట."

"కూర్చోనిస్తానా నర్సింహా? అడుగుతాగా!"

 చిన్ని కాగితాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

సభలో స్పీకర్ పేరు పిలవగానే కరుణ భయపడుతూనే లేచి నిలబడింది. మైకు మీద ఎర్రలైటు వెలిగింది. డబ్బింగ్ థియేటర్లో టేక్ మొదలైందని చెప్పేదీ అదే లైటు! భయం ఎగిరిపోయింది.

"అధ్యక్షా, మా బస్తీలో పది పాసైన ఆడపిల్లలు..."

బాగానే సాగింది. నాలుగో వాక్యంలో నాలుక తడబడింది. డబ్బింగ్‌లో తప్పు పోతే ఇంకో టేక్ అడిగే ఇన్నేళ్ల అలవాటు ఊరుకుంటుందా? చెయ్యెత్తి, "సారీ అండీ, వన్ మోర్!" అనేసి, గొంతు సవరించుకుని, మళ్లీ మొదట్నుంచి "అధ్యక్షా..." అంది.

సభ గొల్లుమంది. ఎదుటి వరుసలోంచి ఎవరో "కట్, కట్!" అని అరిచారు.

"ఇక్కడ వన్ మోర్ ఉండదమ్మా," అన్నారు స్పీకర్ నవ్వాపుకుంటూ. "అర నిమిషమే ఉంది, ముగించండి."

చెవులు కాలిపోయాయి. రాసుకొచ్చిన ప్రసంగంలో కరుణకి ఒక్క అక్షరమూ కనబడలేదు. కళ్ల ముందున్నది చిన్ని పట్టుకున్న కాగితం ఒక్కటే.

"నాకే కాదు అధ్యక్షా, మా పిల్లలకీ వన్ మోర్ లేదు! ఈ ఏడాది చదువు ఆగిందంటే వచ్చే ఏడాది పెళ్లి చేసేస్తారు. కాలేజీ కట్టేదాకా ఆగలేం. బస్తీలో కమ్యూనిటీ హాలు ఖాళీగా ఉంది. ఈ నెలలోనే అక్కడ తరగతులు పెట్టించండి!"

గంట మోగింది. ఎర్రలైటు ఆరిపోయింది. మైకు లేకపోతేనేం?

"పెట్టిస్తారా, లేదా?"

ఆ గొంతు గ్యాలరీ చివరి వరుసదాకా వెళ్లింది. నవ్వులు ఆగిపోయాయి. విద్యామంత్రి లేచారు.

"సభ్యురాలికి మైకు అక్కర్లేదని తెలిసింది. సోమవారం అధికారుల్ని పంపిస్తాను. హాలు పనికొస్తే ఈ నెలలోనే మొదలుపెడతాం."

బయటికి రాగానే ఫోను. టీవీలో చూసిన బెన్‌హర్ అరుస్తున్నాడు. "నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకున్నావు కరుణా!" వెనక నర్సింహ ఈలలు.

"చిన్ని ఏదండీ?"

"అధికారులొస్తున్నారుగా, హాలు ఊడుస్తానని మన చీపురు పట్టుకుపోయింది."

"ఇవాళ శుక్రవారమే కదండీ!"

"నేనూ అదే చెప్పా. వింటేనా!"