మలుపులో ఆగిన ట్రాము

ట్రాము డ్రైవర్లందరిలోకీ పాతవాడు గంటాయన. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కాలితో గంట నొక్కీ నొక్కీ కుడి మడమ కాయకాచిపోయింది. ఇంకో ఎనిమిది నెలలు లాగిస్తే ఇంటికే. ఆ ఎనిమిది నెలలూ ఎనిమిది కొండల్లా కనపడుతున్నాయి. పొద్దున్నే బూట్లు తొడుక్కోవాలంటేనే ప్రాణం ఉసూరుమంటోంది.

ఆ లైనులో ఆసుపత్రి లాండ్రీ ముందు ఒక మలుపుంది. మలుపూ, పైగా ఎత్తూ. అక్కడ స్టాపు లేదు. పొద్దస్తమానం తడి దుప్పట్లు మోసిన ఆడవాళ్ళు పైస్టాపు దాకా ఎత్తెక్కి నడవగలరా? అందుకే ఏ డ్రైవరు మొదలుపెట్టాడో ఏమో, అక్కడికి రాగానే రెండు గంటలు కొట్టి, బండిని మనిషి నడకంత నెమ్మది చేస్తారు. వెనకవైపు తలుపులేని మెట్టు మీదికి ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కేస్తారు. పూర్తిగా మాత్రం ఆపరు. ఆ ఎత్తులో ఆపితే చక్రాలు జారి పాతబండి ఓ పట్టాన కదలదు. ఇదంతా ఏ కాగితంలోనూ లేదు. పాతవాడు కొత్తవాడికి చెప్పేవాడు, అంతే.

గంటాయన వదినా ఆ లాండ్రీలోనే. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. మోకాలు వాచి గుమ్మడికాయంత అయినా నోరు మాత్రం వాడిపోలేదు. ఎక్కుతూనే వెనకనించి కేకేసేది: "ఏం మరిదీ, ఇవాళ పరుగులు పెట్టిస్తున్నావు? అవతల పెళ్ళివారు గానీ ఎదురుచూస్తున్నారా?"

ఓ మంగళవారం డిపోలో అందర్నీ కూచోబెట్టి కొత్త ట్రాముల సంగతి చెప్పారు. వాటికి వెనక మెట్టుండదు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. కొన్నాళ్ళకి డ్రైవరు కూడా ఉండడట. ఇంజనీరమ్మ గోడకి పటం అంటించింది. గంటాయన కళ్ళజోడు సవరించుకుని చూస్తే, లాండ్రీ మలుపులో గీత తప్ప చుక్క లేదు.

"ఇక్కడ స్టాపు పెట్టలేదేంటమ్మా?"

"అక్కడెవరూ ఎక్కట్లేదు కదండీ. ముందు తలుపు మీద లెక్కపెట్టే మిషను పెట్టి రెండు నెలలైంది. ఆ మలుపులో సున్నా."

"వాళ్ళు వెనకనించి ఎక్కుతారమ్మా!"

"కదిలే బండి ఎక్కుతున్నారని నేనెలా రాయనండీ? అది తప్పు కదా." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "శుక్రవారం దాకా లెక్క నడుస్తుంది. మిషను చెబితే మాత్రం తప్పకుండా పెడతాను."

గంటాయన బల్ల మీద కూలబడ్డాడు. అయ్యో పాపమని ఇన్నేళ్ళూ సాయం చేశామనుకుంటే, ఆ సాయమే వాళ్ళని లెక్కలోంచి చెరిపేసిందన్నమాట!

సాయంత్రం వదిన ఇంటికెళ్ళాడు. ఆవిడ మోకాలికి వేడినీళ్ళ గుడ్డ వేసుకుని కూచుంది.

"వదినా, రేపట్నించి అందరూ ముందు తలుపులోంచే ఎక్కాలి. నేను బండి ఆపుతాను."

"ఎత్తులో ఆపితే కదలదని నువ్వేగా అన్నావు?"

"పట్టాల మీద ఇసుక వదులుతాను. పట్టు దొరుకుతుంది."

"దొరక్కపోతే?"

"అందరూ దిగి తొయ్యండి."

"ఇన్నేళ్ళూ దుప్పట్ల బళ్ళు తోశాం. ఇహ ట్రాము ఒక్కటే తక్కువైంది!" అంది వదిన. వెంటనే, "నీ ఉద్యోగానికేం కాదు కదరా?" అంది. అతను చల్లారిన గుడ్డ తీసి మళ్ళీ వేడినీళ్ళలో ముంచాడు.

బుధవారం తుంపర పడుతోంది. గంటాయన రెండు గంటలు కొట్టి, మలుపులో బ్రేకు బిగించి ముందు తలుపు తెరిచాడు. ఆడవాళ్ళు ఏం చేశారనుకున్నారు? బండి బండరాయిలా నిలబడి ఉన్నా, అలవాటు కొద్దీ పరిగెత్తి వెనక మెట్టే ఎక్కేశారు!

"దిగండర్రా!" అంటూ వదిన కుంటుతూ వెళ్ళి ఒక్కొక్కర్నీ రెక్కపట్టి దింపింది. "పొద్దున్నించీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది!"

ముప్ఫైయేడు మంది ముందునించి ఎక్కేసరికి వెనకాల రెండు ట్రాములు ఆగిపోయాయి. ప్రయాణికులు సణుగుతున్నారు. గంటాయన ఇసుక మీట తొక్కి బండి వదిలాడు. చక్రాలు కీచుమని గిర్రున తిరిగాయి గానీ బండి కదల్లేదు. మళ్ళీ తొక్కాడు. ఈసారి వెనక్కి జానెడు జారింది. సణిగినవాళ్ళంతా కమ్మీలు గట్టిగా పట్టుకున్నారు. మూడోసారి పెట్టెలో ఇసుకంతా వదిలేశాడు. బండి ముసలి ఎద్దులా మూలిగి, ఎత్తెక్కింది.

గురువారమూ అంతే, శుక్రవారమూ అంతే. రోజుకో ఆలస్యం, రోజుకో సంజాయిషీ కాగితం. మూడో కాగితంతో పాటు బండి తాళం కూడా తీసుకున్నారు. మిగతా ఎనిమిది నెలలూ డిపో వెనక షెడ్డులో ఇసుక జల్లించే పని. ఇంజనీరమ్మ ఆ షెడ్డుకే వచ్చి పటం విప్పి చూపించింది. మలుపులో చుక్కుంది. గంటాయన తలూపి మళ్ళీ జల్లెడ పట్టుకున్నాడు. సంతోషించడానికి కూడా ఓపికుండాలి కదా.

కొత్త ట్రాము నడిచిన మొదటివారం మామూలు మనిషిలా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కాడు. లాండ్రీ దగ్గర బండి చప్పుడు లేకుండా ఆగింది. వదిన చెయ్యి పట్టేవాళ్ళు లేకుండానే ఎక్కి, పక్కన కూలబడి కాళ్ళు చాపుకుంది.

"గంట కొట్టదేం మరిదీ?"

"కొట్టదు."

"మరి వచ్చిందని తెలిసేదెలా?"

"తెలియక్కర్లేదు వదినా. నిలబడితే చాలు, అదే ఆగుతుంది."

ఆవిడ అప్పటికే కునికిపాట్లు పడుతోంది. గంటాయన అద్దానికి తలానించి కళ్ళు మూసుకున్నాడు. బండి మలుపు తిరుగుతుంటే అతని కుడి మడమ తనంతట తనే నేలని రెండుసార్లు నొక్కింది.