ఐదు గుండీలు

"మా అమ్మని కాలు కింద పెట్టనివ్వం," అంటాడు మా ఆయన, ఇంటికి ఎవరొచ్చినా. ఆ బహువచనంలో ఉన్నది నేనొక్కదాన్నే. పొద్దున్నే లేపి మొహం కడిగేదీ, స్నానం చేయించేదీ, గౌను తొడిగేదీ, మాత్ర మింగిందో బుగ్గన దాచిందో నోరు తెరిపించి చూసేదీ నేను. ఆయన చేసేదల్లా టీ తాగుతూ "అమ్మా, బాగున్నావా?" అని అడగడం. అత్తయ్య ఆ ఒక్క మాటకే మురిసిపోయి "నాకేం నాన్నా, మహారాణిని," అంటుంది.

నాకు బట్టల ఫ్యాక్టరీలో పని. గుండీల సెక్షను. చొక్కా ముందుకొస్తుంది, మెషీన్ కింద పెట్టి గుండీ కుట్టాలి, పక్కకి తోసెయ్యాలి. వేగం తగ్గితే సూపర్‌వైజరు వెనక నిలబడి "ఏంటమ్మా, చేతులకి నిద్రపట్టిందా?" అంటుంది, అందరూ వినేలా. ఆ మాట పడకూడదని పదహారేళ్ళుగా నా చేతులు పరిగెడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చినా ఆగవు. గిన్నెలు తోముతున్నా, తల దువ్వుకుంటున్నా వెనక ఎవరో నిలబడ్డట్టే ఉంటుంది.

అత్తయ్య గౌనుకి ముందువైపు ఐదు గుండీలు. మొదట్లో ఆవిడే పెట్టుకునేది. మంచం అంచున కూర్చుని, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, వణికే వేళ్ళతో ఒక్కో గుండీని కాజా దగ్గరికి తీసుకెళ్ళేది. జారిపోయేది. మళ్ళీ పట్టుకునేది. నాకేమో బస్సు టైమయ్యేది. "జరగండత్తయ్యా," అని ఆ వేళ్ళని పక్కకి తోసి, టకటకా ఐదూ పెట్టేసేదాన్ని. "నేను పెట్టుకోగలనమ్మాయ్," అనేది. "ఎందుకు పెట్టుకోలేరు, మధ్యాహ్నానికల్లా అయిపోతుంది," అనేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని. ఆవిడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది?

ఆ తరవాత ఒక ఆదివారం కూర్చుని ఆవిడ గౌన్లన్నిటికీ గుండీలు కోసేసి వెల్క్రో పట్టీలు కుట్టేశాను. చర్రుమని ఊడుతుంది, అదిమితే అంటుకుంటుంది. "భలే బుర్రే నీది!" అని మా ఆయన మెచ్చుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అది రెండోసారి. మొదటిసారి ఎందుకో గుర్తులేదు. అత్తయ్య మాత్రం చెత్తబుట్టలోంచి ఆ గుండీలు ఏరుకుని తన పాత కళ్ళజోడు పెట్టెలో వేసుకుంది. "ఏం చేసుకుంటారివి?" అని అడిగితే "ఉండనీ అమ్మాయ్, నీకేం అడ్డం?" అంది. ఇది రెండేళ్ళ కిందటి మాట.

మొన్నామధ్య ఫ్యాక్టరీ మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆరు వారాలు కట్టు. చెయ్యి విరిగితే నొప్పి ఉంటుందని తెలుసు గానీ ఇంత చిన్నతనంగా ఉంటుందని తెలీదు. బ్రష్షు మీద పేస్టు వేసుకోలేను. తడిగుడ్డ పిండలేను. జడ అల్లుకోలేను. సీసా మూత తియ్యాలంటే మోకాళ్ళ మధ్య ఇరికించి కుస్తీ పట్టాలి. ఊళ్ళో వాళ్ళందరి చొక్కాలకీ గుండీలు కుట్టిన దాన్ని, నా గుండీ నేను పెట్టుకోలేను! నలభై నాలుగేళ్ళుగా ఈ వేళ్ళు ఏం చెబితే అది చేశాయి కదా, ఒక్కనాడైనా వాటి వంక చూసి "అమ్మయ్య, ఉన్నారు తల్లుల్లారా" అనుకున్నానా?

కట్టు మీదుగా ఎక్కేది మా ఆయన చొక్కా ఒక్కటే. మొదటిరోజు మా ఆయన గుండీలు పెట్టాడు, గడియారం వంక చూస్తూ. "అబ్బ, ఇటు తిరుగు... కదలకు... ఎంతసేపూ!" సాయం పట్టబోయిన నా ఎడంచేతిని పక్కకి తోశాడు. ఆ తోపు నాకు బాగా తెలుసు. అచ్చం నాదే. ఒక కాజాలో పెట్టాల్సిన గుండీ ఇంకో కాజాలో పెట్టేసి వెళ్ళిపోయాడు. ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి వేలాడుతున్న చొక్కాతో అద్దం ముందు నిలబడి ఏడ్చాను.

అత్తయ్య గోడ పట్టుకుని నడుస్తూ వచ్చింది. నన్ను చూసింది. "నేను పెట్టనా?" అంది. కాస్త ఆగి, "కాకపోతే ఆలస్యమవుతుంది. నీకు టైముందా అమ్మాయ్?" అంది.

వెటకారమేమోనని ఆవిడ మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతోంది. ఏదైనా ముట్టుకునే ముందు అలా అడగాలని ఈ ఇంట్లో నేర్చుకుంది. నేర్పింది నేను. సిగ్గుతో నా తల వంగిపోయింది.

"ఉందత్తయ్యా, బోలెడుంది," అన్నాను. మంచం అంచున ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ నాలిక పళ్ళ మధ్యకి వచ్చింది. గుండీ జారింది, పట్టుకుంది, మళ్ళీ జారింది. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. చివరిదీ పెట్టాక చొక్కా సవరించి, "అయిపోయింది మహారాణీ," అంది. ఆ ఆరు వారాలూ ఆవిడే పెట్టింది.

కట్టు విప్పిన రోజు బొటనవేలిని ఒక్కో వేలికీ తాకించమన్నాడు డాక్టరు. నాలుగూ తాకాయి. నా కళ్ళల్లో నీళ్ళు చూసి "నొప్పిగా ఉందామ్మా?" అన్నాడు. "లేదండీ, కదులుతున్నాయి," అన్నాను.

"అమ్మయ్య, ఇక ఇల్లు దార్లో పడుతుంది," అన్నాడు మా ఆయన. నేను కత్తెర తీసుకుని కూర్చున్నాను. వెల్క్రో ఊడదీసి, కళ్ళజోడు పెట్టె తెరిచి, ఆ గుండీలే చేత్తో కుట్టాను. మణికట్టు ఇంకా బిగుసుకునే ఉంది, ఒక్క గౌనుకే సాయంత్రమంతా పట్టింది. కుడుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. గుండీలు పెట్టుకునే ఆవిడ పది నిమిషాలు నేను లాక్కున్నాను, ఒప్పుకుంటాను. మరి నా పది నిమిషాలు ఎవరు తిన్నారు? పక్క గదిలో తీరిగ్గా టీ తాగిన మనిషి కాదూ?

మర్నాడు పొద్దున్న అత్తయ్య ఆ గౌను తొడుక్కుని మంచం మీద కూర్చుంది. గుండీలని ఒకసారి తడిమి చూసుకుంది. నా గుండీలైతే ఆవిడ కళ్ళెదుట ఉండేవి. తనవి గడ్డం కింద ఉన్నాయి. మెడ అంత వంగదు, వేళ్ళకి ఆ దారి అలవాటు తప్పింది. కిందివి రెండూ ఎలాగో పెట్టుకుంది. మూడోది జారింది.

"మళ్ళీ ఈ గుండీల గోలేంటి పొద్దున్నే? నువ్వు పెట్టెయ్యరాదూ? నా టీ ఏదీ?" అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి.

"టీ మీరే పెట్టుకోండి. తాగేసి వచ్చి ఇక్కడ కూర్చోండి. రేపట్నించి పొద్దున్నపూట మీ అమ్మ దగ్గర మీరుంటారు. తొందరపెట్టకుండా కూర్చోవడమే పని," అన్నాను.

ఆయన తల్లి మొహం చూసి వంటింట్లోకి నడిచాడు. ఆవిడకి మా మాటలు పట్టలేదు. మూడో గుండీ పట్టుకునే ఉంది.

"అమ్మాయ్, ఇదివరకు ఐదూ నేనే పెట్టుకునేదాన్ని కదూ?" అంది.

"పెట్టుకునేవారత్తయ్యా. నేనే పెట్టుకోనివ్వలేదు," అన్నాను. అన్నాక ఇక ఏడుపాగలేదు.

"పోనీలే," అంది నా చెయ్యి నిమురుతూ. "నీకు బస్సుండేది కదమ్మా."

మూడో గుండీ ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు.